సెలవు చీటిలోని జ్వరము

తెలుగున 'సెలవు' అను మాటకు అర్థములు పెక్కు. పెద్దలు పలుకుట సెలవిచ్చుట. పిన్నలు పోవుటకు అనుమతి వేడుట సెలవు పుచ్చుకొనుట. పనిలేని దినము సెలవు దినము. బ్రౌణ్య నిఘంటువునందు ఆజ్ఞ, అనుజ్ఞ అను అర్థములతో పాటు వ్యయమను అర్థము కూడ చూపబడినది. ఈ కడపటి అర్థము ఆంధ్రదేశమున దాదాపు మరుగుపడినను, తమిళసీమలో కాపురమున్న మన చెవులకు దినమునకు పదిమారులు వినబడుచునే యున్నది. ఏలయన తమిళమున సెలవనగా ఖర్చే. ఆవడిలోని తెలుగు ఇల్లాలు తన భర్తకు నేడు సెలవని చెప్పినచో పొరుగింటి తమిళ వనిత దానిని ఖర్చని గ్రహించుటకు అవకాశము కలదు. అట్లు గ్రహించినను ఆమె పెద్దగా పొరబడినట్లు కాదు.

ఒకే పదమున ఆజ్ఞయు, అనుజ్ఞయు, విశ్రాంతియు, వ్యయమును ఇమిడియుండుట భాషాశాస్త్రజ్ఞులకు వినోదము గొలుపవచ్చును. కర్మాగారపు ద్వారముకడ నిలిచిన వానికి అందు వినోదమేమియు లేదు. ఆతడు కోరునది విశ్రాంతి; ఇచ్చువాడు తలచునది అనుజ్ఞ; లెక్కలు వ్రాయువాడు చూచునది వ్యయము. ఈ తలపులు ఒండొంటితో పొసగని చోట తగవు పుట్టును. అట్టి తగవులలో మిక్కిలి చిన్నదిగా కనబడుచు, మిక్కిలి తరచుగా వచ్చుచుండు నొకదానిని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని. మంచము పట్టిన వాని సంగతి చట్టములలో కలదు. దానిని గూర్చి చెప్పినవారును కలరు. నడచుచు, తినుచు, పనిచేయుచు ఉన్నవాడు, వైద్యుడు రమ్మన్న దినమున వైద్యుని చూడబోవలసి వచ్చినపుడు ఏ సెలవు పెట్టవలెను? ఆ సెలవు నిచ్చుటకు పై అధికారి ఏల సందేహించును? ఈ ప్రశ్నలకు సమాధానము నియమముల భాషలోనే దాగియున్నదని నా యభిప్రాయము. కావున నియమములను సాహిత్యమువలె చదివి, పదములను పట్టి విమర్శించుటకు పూనుకొనుచున్నాను.

ఇట్టి విచారణకు ఆవడి తగిన చోటు. 1955 జనవరిలో ధేబరుగారి అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ సామ్యవాద తరహా సమాజమే దేశమునకు లక్ష్యమని తీర్మానించినది ఇచ్చటనే. అనంతరము కొలది యేండ్లలోనే సైనికుల దుస్తులు కుట్టు కర్మాగారమును, భారీ వాహనముల కర్మాగారమును ఇచ్చట వెలసినవి. 1965లో మొదటి విజయంత యుద్ధశకటము ఈ యూరినుండియే వెలువడినది. (ఆవడి యను పేరు యుద్ధశకటములకు సంబంధించిన ఆంగ్లపదముల తొలి అక్షరముల కూర్పని చెప్పువారు నేటికిని కలరు. ఈ కర్మాగారములు పుట్టకమునుపే మహాసభ ఆ పేరితో దేశమంతట మారుమ్రోగినదను సంగతి వారు మరతురు.) 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు రేఖ జరిగినను రైలుపట్టాలు జరుగలేదు. తిరుత్తణినుండి ఆవడికి సుమారు 60 కిలోమీటర్లు. వేకువనే లేచి ఆ రైలెక్కి ఆవడికిని అంబత్తూరునకును పనికి వచ్చు మనవారికి వైద్యుని చూచుట యనగా ఒక గంట పని కాదు. జబ్బు చిన్నదైనను దినము పోవును. పెద్దదై వేలూరికో తిరుపతికో పోవలసివచ్చినచో రెండు మూడు దినములు పోవును.

మన బిడ్డలకు బడిలో మొట్టమొదట నేర్పబడు గద్యరచన సెలవు చీటి. పద్యమునకు గణములవలె దానికి నియతమైన లక్షణము కలదు: సంబోధన, జ్వరము, దినముల సంఖ్య, ప్రార్థన, విధేయత. ఇందు జ్వరమునకు బదులు వేరొక జబ్బును వ్రాయు బాలుని నేను చూడలేదు. కవులకు చకోరమెట్టిదో సెలవు చీటికి జ్వరమట్టిది. అది యొక కవిసమయము. చకోరము వెన్నెల త్రాగునని ఎవ్వరును నమ్మరు, కాని వ్రాయక మానరు. చీటిలోని జ్వరమును ప్రధానోపాధ్యాయుడును నమ్మడు, కాని మన్నించును. ఇట్లు బాల్యముననే మనకొక పాఠము పట్టుబడుచున్నది. నిజమైన కారణము కంటె అంగీకరింపబడు కారణమును వ్రాయవలెనన్నదే ఆ పాఠము. పెరిగి పెద్దవాడై కర్మాగారమున చేరిన పిమ్మటను ఆతడు ఆ పాఠమునే వల్లించును.

ఈ కవిసమయమైన జ్వరమునకు కొన్ని గుణములు కలవు. అది అకస్మాత్తుగా వచ్చును. వచ్చినవానిని పడవేయును. నాలుగు దినములలో విడిచిపోవును. వైద్యుడిచ్చు నియమిత దినమునకు ఈ గుణములలో నొక్కటియు లేదు. అది మూడు నెలల ముందే తెలియును. రోగిని పడవేయదు, ఆ దినమున ఆతడు తిన్నగా నడచి ఆసుపత్రికి పోవును. అది విడిచిపోదు, మరల మూడు నెలలకు తిరిగి వచ్చును. చక్కెరజబ్బు గలవాడు, రక్తపుపోటు గలవాడు, కంటిపొర కోసికొనవలసినవాడు, మూర్ఛకు మందు తినువాడు అందరును ఇట్టివారే. భారత వైద్య పరిశోధన మండలి వారి సహాయముతో జరిగి 1923 కాదు, 2023లో వెలువడిన పరిశీలనము దేశమున చక్కెరజబ్బు గలవారు 10 కోట్లకు మించిరని తేల్చినది. తేదీని ఒత్తి చెప్పుటకు కారణము, మన నియమముల భాష ఇంకను మొదటి తేదీనాటిదే యగుట. ఇంతమందికి నప్పని లక్షణగ్రంథము ఏమి లక్షణగ్రంథము?

పూర్వులు ఈ విషయమును స్పృశింపకపోలేదు. జబ్బు లేకయే గర్వమున పనిచేయని భృత్యునకు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున దండనము విధింపబడినది; రోగియైనవాడు స్వస్థుడైన పిమ్మట ఒప్పుకొన్న పనిని ముగించినచో, ఎంత కాలము గడచినను వానికి జీతము చెల్లింపవలెనని ఆ వెంటనే చెప్పబడినది. కౌటిల్యుడును భృత్యునకు వ్యాధియో ఆపదయో కలిగినపుడు ఒప్పందమునుండి సడలింపునైనను, వేరొకనిచేత ఆ పని చేయించు వెసులుబాటునైనను కల్పించెను. ఆ వాక్యములలో వైద్యుని ధ్రువపత్రము ప్రసక్తి లేదు. రోగమున్నదా లేదా యను ప్రశ్న యజమానునకును భృత్యునకును నడుమనే తేలవలసి యుండెను. నేటి వ్యవస్థలో మూడవవాడు ప్రవేశించినాడు. ఆతడు వైద్యుడు. ఆతడు చికిత్సకుడు మాత్రమే కాక సాక్షి కూడ నైనాడు. సాక్ష్యమునకు విలువ గలిగినపుడు దానికి వెల యేర్పడుట లోకసహజము. ధ్రువపత్రములు అమ్ముడుపోవు చోట్లు లేవని ఏ అధికారియు నమ్మడు. అట్లు నమ్మకపోవుట ఆతని తప్పును కాదు.

ఇక వైద్యశాస్త్రమున వచ్చిన మార్పును చూతము. ఇందు మద్రాసు నగరమునకు గొప్ప స్థానము కలదు. 1956లో చేట్‌పట్టులో క్షయవ్యాధి ఔషధ చికిత్సా కేంద్రము స్థాపింపబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, భారత, బ్రిటిషు వైద్య పరిశోధన మండలులును, మద్రాసు ప్రభుత్వమును కలిసి నడపిన సంస్థ యది. క్షయరోగిని శానిటోరియమున పరుండబెట్టి, మంచి తిండి పెట్టి, విశ్రాంతి నిచ్చిన గాని నయము కాదని అంతవరకు లోకమంతయు నమ్మియుండెను. నగరమందలి బీదవాడల రోగులను రెండు తెగలుగా విభజించి, ఒక తెగను శానిటోరియమున నుంచి, రెండవ తెగకు ఇంటికడనే మందులిచ్చి చూచిరి. 1959లో ప్రకటింపబడిన ఫలితము వైద్యలోకమును ఆశ్చర్యపరచినది. ఇరుకైన ఇండ్లలో, చాలీచాలని తిండితో, ఇంటికడనుండి మందు మ్రింగిన వారికిని దాదాపు అంతే నయమైనది. ఇంటివారికి అంటురోగభయము కూడ హెచ్చలేదు. రోగికి మంచము ముఖ్యము కాదని, మందు తప్పకుండుటయే ముఖ్యమని రుజువైనది. మందు తప్పకుండవలెననగా చికిత్సాలయమునకు పోవుట తప్పకూడదు. నాటినుండి వైద్యము మంచమును విడిచి నడక నేర్చినదని చెప్పవచ్చును. ఆవడికి కూతవేటు దూరమున జరిగిన ఈ పరిశోధన ప్రపంచమునకు దారి చూపినది. మన సెలవు నియమములకు మాత్రము ఆ వార్త చేరలేదు.

చేరలేదనుటకు నిదర్శనములు చూపెదను. 1948 నాటి కర్మాగారముల చట్టము 20 పనిదినములకు ఒక దినము చొప్పున జీతముతో కూడిన సెలవు నిచ్చెను. దానికి 15 దినముల ముందు దరఖాస్తు పెట్టవలెను. జబ్బు నిమిత్తమైనచో ఈ ముందు గడువు అక్కరలేదనియు చెప్పెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని సంవత్సరమున మూడు మారులకు మించి ఆ సెలవును విడదీసి తీసికొనరాదని అందే యొక నిబంధన కలదు. నెలకొకమారు వైద్యుని చూడవలసినవానికి ఈ మూడు మారులు ఏ మూలకు? ఆ చట్టకర్తల మనస్సున నున్న సెలవు తిరునాళ్లకును, పెండ్లికిని, దీర్ఘజ్వరమునకును సంబంధించినది.

అదే సంవత్సరమున వెలసినది ఉద్యోగుల రాజ్య బీమా చట్టము. దీనికి మూలమైన నివేదికను ఆచార్య అదార్కరు 1944లో సమర్పించెను. పథకము 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆరంభమైనది. కార్మికునకు మందు ఉచితము, ఆసుపత్రి ఉచితము. దీని మేలును తక్కువ చేయువాడు కృతఘ్నుడు. అయినను అందు 'అనారోగ్యము' అను పదమునకు ఇచ్చిన నిర్వచనమును జాగ్రత్తగా చదువవలెను. వైద్యచికిత్స అవసరమగుటతో పాటు, పనికి దూరముగా నుండుటయు అవసరమైన స్థితియే అనారోగ్యమని దాని భావము. అనగా చికిత్స కావలసియుండియు పని చేయగలవాడు ఆ చట్టము దృష్టిలో అనారోగ్యవంతుడు కాడు! పైగా సాధారణముగా అనారోగ్యమున మొదటి రెండు దినములకు భత్యము లేదు. ఒక్క దినము ఆసుపత్రి వరుసలో నిలిచినవానికి మందు దొరకును. ఆ దినపు కూలి దొరకదు. మందు నిచ్చిన చట్టము ఆ మందు తెచ్చుకొను వేళను ఇయ్యలేదు.

చిత్రమేమనగా, అంగడిలో పనిచేయువాని స్థితి ఇంతకంటె మేలు. 1947 నాటి మద్రాసు దుకాణముల చట్టము ఏటా 12 దినములు జబ్బు నిమిత్తమును, 12 దినములు ఏ సహేతుక కారణమునకైనను జీతముతో సెలవు ఇచ్చినది. చట్టపు పుటలలో జౌళి దుకాణపు గుమాస్తా యుద్ధశకటము నిర్మించువానికంటె భాగ్యవంతుడు. పుటలలో నని ఏల అంటిననగా, ఆ గుమాస్తాలలో ఎందరికి ఆ సెలవు చేతికందినదో చదువరులకు తెలియనిది కాదు.

కేంద్రప్రభుత్వ కార్యాలయోద్యోగులకు వర్తించునవి 1972 నాటి సెలవు నియమములు. అందు జబ్బు సెలవను పేరే లేదు. సంపాదిత సెలవు, అర్ధజీతపు సెలవు, ఆ అర్ధజీతపు సెలవును రెండింతలు ఖర్చువ్రాసి పూర్ణజీతముగా మార్చుకొను సెలవు కలవు. ఈ కడపటిదానికి వైద్యుని పత్రము కావలెను. ఆరోగ్యము తిరిగి చేకూరుటకు ఇన్ని దినములు విధులకు దూరముగా నుండుట తప్పనిసరియని వైద్యుడు ఆ పత్రమున చేవ్రాలు చేయవలెను. మూడు నెలలకొకమారు రక్తము పరీక్షింపించుకొనువానికి ఏ సత్యవాది యగు వైద్యుడు అట్లు వ్రాయగలడు? తిరిగి పనిలో చేరునపుడు స్వస్థతాపత్రము వేరు. మిగిలినది ఆకస్మికపు సెలవు. ఏటికి 8 దినములు. ఇది నియమముల దృష్టిలో సెలవే కాదు. అది తీసికొన్నవాడు విధికి గైరుహాజరైనట్లు భావింపబడడు. ఎల్లరు వాడుకొను సెలవు సెలవుగా గణింపబడకపోవుటయు, మూడు నెలల ముందు తెలిసిన పనికి 'ఆకస్మికము'ను వాడవలసి వచ్చుటయు భాషావిమర్శకునకు నవ్వు తెప్పించును.

ఇన్ని పదములలో తనకు తగిన పదము దొరకనివాడు మరల బడిలో నేర్చిన జ్వరమునకే పోవును. మన కార్మికులలో రాకపోయిన దినమునకు 'నాగా' యని పేరు. ఉరుదూనుండి వచ్చిన ఆ మాటలో కారణముల తరతమములు లేవు. తాగి పడియున్నను నాగాయే, తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోయినను నాగాయే. హాజరుపట్టికయు అట్లే చదువును.

ఈ చిక్కు న్యాయస్థానమువరకు పోయిన వివాదమొకటి మన నగరముననే కలదు. పెరంబూరులోని బకింగ్‌హాము, కర్ణాటిక మిల్లులు 1996లో మూతబడినవి గాని, భారత కార్మికోద్యమ చరిత్రలో వాని పేరు చెరగదు. 1918 ఏప్రిల్ 27న వాడియాగారి అధ్యక్షతన ఏర్పడిన మద్రాసు కార్మిక సంఘము ఆ మిల్లుల కార్మికులతోనే ఆరంభమైనది. దానికి పాటుపడినవారిలో సెల్వపతి చెట్టిగారితో పాటు రామానుజులు నాయుడుగారు ఒకరు. ఆ మిల్లులోని కార్మికుడొకడు 1957 జనవరిలో కొలది దినముల సెలవుపై ఊరికి పోయి, గడువు తీరినను తిరిగి రాలేదు. మార్చిలో ప్రభుత్వ వైద్యుని పత్రముతో జాబు పంపి, జబ్బుపడి యుంటినని చెప్పుకొనెను. కంపెనీవారి వైద్యుడు పరీక్షించి, అంతకాలము జబ్బుగా నుండెనని ధ్రువపరుప జాలననెను. ఎనిమిది పనిదినములు వరుసగా అనుమతి లేక రానివాడు తనంత తాను ఉద్యోగమును విడిచినట్లేయని కంపెనీ స్థాయీ ఉత్తరువు. సంజాయిషీ యాజమాన్యమునకు తృప్తికరముగా నున్నచో మాత్రము మన్నింపవచ్చును. తృప్తి కలుగలేదు. బీమా సంస్థవారు అదే పత్రమును అంగీకరించియుండిరి. ఒకే కాగితము ఒక బల్లమీద నిజము, వేరొక బల్లమీద అబద్ధము!

జబ్బుతో నున్న కాలమున కార్మికుని తొలగింపరాదని, శిక్షింపరాదని బీమా చట్టపు 73వ విభాగము. హైకోర్టు కార్మికుని పక్షము వహింపగా, కంపెనీవారు సుప్రీముకోర్టునకు పోయిరి. 1963లో గజేంద్రగడ్కరు న్యాయమూర్తి తీర్పు కంపెనీకి అనుకూలముగా వచ్చినది. 73వ విభాగము నిషేధించునది యజమాని విధించు శిక్షను. స్థాయీ ఉత్తరువు వలన ఉద్యోగము తనంతతాను ముగియుట శిక్ష కాదని ఆ తీర్పు సారాంశము. న్యాయశాస్త్రదృష్టిని దానిని ఆక్షేపించుటకు నేను పూనుకొనను. భాషాదృష్టిని ఒక్క మాట చెప్పెదను. 'విడిచినట్లే భావింపబడును' అను ప్రయోగమున కర్త లేడు. తొలగించినవాడు లేడు, తొలగింపబడినవాడును లేడు, ఉద్యోగము మాత్రము పోయినది. తెలుగు వ్యాకరణమున కర్మణిప్రయోగము అరుదని మనవారు చెప్పుట అందరెరిగినదే. అధికారుల భాషలో అది విరివిగా పూయుటకు హేతువు ఇట్టి చోట్ల తేటపడును.

ఆ పువ్వు వాడుటకు ముప్పదియేండ్లు పట్టినది. వరుసగా ఎనిమిది దినములకు మించి రాలేదను కారణమున, విచారణ లేకయే స్థాయీ ఉత్తరువును బట్టి ఒకని పేరు కొట్టివేయుట సహజన్యాయమునకు విరుద్ధమని 1993లో సుప్రీముకోర్టు డి.కె. యాదవు వివాదమున తీర్పు చెప్పినది. 2012లో పర్మారు వివాదమున మరియొక అడుగు ముందుకు వేసినది: జబ్బు, ప్రమాదము, ఆసుపత్రిలో చేరుట వంటి విధిలేని కారణములవలన రాకపోయినచో దానిని బుద్ధిపూర్వకమైన ధిక్కారముగా నెంచరాదనెను. ఇవి గొప్ప తీర్పులు. అయినను ఇందును రోగి పడినవాడే, విధిలేనివాడే. తన కాళ్లపై నిలిచి వైద్యునికడకు పోవువాడు ఏ న్యాయస్థానపు మెట్లును ఎక్కడు. ఒక దినపు కూలికై హైకోర్టునకు పోవు మూఢుడెవ్వడు? కావుననే ఆతని కష్టము తీర్పులలో కానరాదు. అది మేస్త్రీ బల్లముందు పుట్టి, అక్కడనే అణగిపోవును.

అధికారి పక్షమును కూడ చూడకున్న విమర్శ పక్షపాతమగును. వరుసగా అమర్చిన యంత్రములలో ఒక్కడు లేకున్నను పని కుంటుపడును. నెలాఖరున లెక్క చూపవలసినవాడు ఫోర్మను. రానివాని పేరు చెప్పి ఆతడు తప్పించుకొనలేడు. వైద్యుని పత్రములలో అబద్ధములుండునని ఆతనికి అనుభవపూర్వకముగా తెలియును. పండుగ మరునాడు సగము శాఖకు జ్వరము వచ్చుటను ఆతడు చూచియే యున్నాడు. ఇట్టివానికడకు వచ్చి, 'వచ్చే నెల పదునాలుగవ తేదీన నాకు ఒంట్లో బాగుండదు' అని చెప్పినచో నవ్వకేమి చేయును? ముందు తెలిసిన జబ్బు జబ్బెట్లగునని ఆతని తర్కము. ఆ తర్కము తప్పు. కాని అది ఆతడు కల్పించినది కాదు, నియమములు నేర్పినదే. నిజము చెప్పినవానిని నిరాకరించి, అబద్ధమాడినవానిని అంగీకరింపవలసిన స్థితిలో నియమము ఆతనిని నిలిపినది. ఉదయము ఫోను చేసి జ్వరమన్నవానిని ఆతడు ఆపలేడు. ముందుగా వచ్చి మర్యాదగా అడిగినవానిని ఆపగలడు. ఈ రహస్యము శాఖలోని వారందరికిని ఒక ఏడాదిలో తెలిసిపోవును.

ఈ నడుమ వాడుకలోనికి వచ్చినది 'పర్మిషను'. గంటయో రెండు గంటలో బయటికి పోనిచ్చుట. ఉన్న సాధనములలో ఇదియే సరియైనది. కాని పలుచోట్ల హక్కుగా వ్రాయబడక, అధికారి దయమీద నడచును. నెలల సెలవు కోరువానికి చట్టమున్నది, గంట సెలవు కోరువానికి మనిషి మంచితనము తప్ప వేరు దిక్కు లేదు. ముక్కకూలి లెక్కన కుట్టుపని చేయువానికి ఆ గంటలో పోవు కుట్టు కూడ తన ఖాతాలోనే నష్టము. 'తమరు సెలవిచ్చినచో' అను పాత మర్యాదావాక్యము ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

ఇంతకంటె కఠినమైన విషయమొకటి కలదు. జ్వరమను అబద్ధము కొందరికి కవచము కూడ. 2004 ఏప్రిల్ 1న కేంద్రప్రభుత్వము హెచ్.ఐ.వి. రోగులకు ఉచితముగా మందులిచ్చుట ఆరంభించినపుడు తాంబరము శానిటోరియము ఆ కేంద్రములలో నొకటి. ఆ మందు ఆజన్మాంతము మ్రింగవలెను. అందుకై నియమిత దినములలో కేంద్రమునకు పోవుచుండవలెను. అట్టివాడు చీటిలో ఏమి వ్రాయును? పోవుచోటు పేరు చెప్పినచో శాఖ యంతయు గుసగుసలాడును. ఎవ్వరిచేతను ఆ రోగస్థితిని బలవంతముగా చెప్పింపరాదని 2017 నాటి చట్టము శాసించినది. శాసనము గొప్పదే, కాని 'ఏమి జబ్బు?' అని ఫోర్మను అడుగు ప్రశ్నకు, మనోవ్యాధికి చికిత్స పొందువాడును, క్షయకు మందు తినువాడును, గర్భము నిలువని యిల్లాలును తల వంచుకొని 'జ్వర'మనియే చెప్పుచున్నారు. 2016నుండి ప్రతినెల 9వ తేదీన గర్భవతులకు ఉచిత పరీక్ష జరుపు పథకము దేశమున నడచుచున్నది. తేదీని నిర్ణయించినది ప్రభుత్వము. ఆ తేదీన ఆమె పనికి రాకుండుటకు ఏ సెలవు వ్రాయవలెనో మాత్రము ఆ పథకము చెప్పదు. కావున ఈ జ్వరమును కేవలము అసత్యమని నిందించుట తగదు. రోగము పేరు అడుగు హక్కు అధికారికి ఉన్నంతకాలము అబద్ధమాడు అవసరము రోగికి ఉండి తీరును.

సముద్రములు దాటి పోయిన మనవారు వేరొక విధానమును చూచినారు. అమెరికాలో 1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టము, జీతము లేనిదే యైనను, అవసరమైనపుడు సెలవును ముక్కలుగా, గంటలుగా తీసికొననిచ్చును. కాలిఫోర్నియా రాష్ట్రమున 2015 జూలై 1నుండి అమలైన చట్టము జీతముతోనే జబ్బు సెలవునిచ్చి, రోగనిర్ణయమును, చికిత్సను, జబ్బు రాకముందు చేయించుకొను పరీక్షను అందు స్పష్టముగా చేర్చినది. 2024నుండి దాని పరిమాణము ఏటికి 5 దినములు, లేక 40 గంటలు. దినములు స్వల్పమే, వారి ఉద్యోగభద్రత మనకంటె తక్కువని అచ్చటివారే చెప్పుదురు. అయినను నిర్వచనమున రోగి మంచముమీదినుండి లేచినాడు. కొలత దినమునుండి గంటకు దిగినది. మనము గ్రహింపదగినది ఆ రెండు మార్పులనే.

మన దేశమున అందుకు అదను వచ్చినది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చి, కర్మాగారముల చట్టమును, బీమా చట్టమును, 1946 నాటి స్థాయీ ఉత్తరువుల చట్టమును తమలో కలుపుకొనినవి. సంపాదిత సెలవునకు అర్హత 240 దినములనుండి 180 దినములకు తగ్గినది. 300 మంది కార్మికులున్న సంస్థలకు స్థాయీ ఉత్తరువులు వర్తించును. ఆవడి కర్మాగారములు 2021 అక్టోబరు 1న ప్రభుత్వ శాఖారూపమును విడిచి నిగములైనవి. భారీ వాహనముల కర్మాగారమును కలుపుకొన్న నిగమునకు ఆవడియే ప్రధానస్థానము. క్రొత్త నియమములు వ్రాయుకాలమున పాత పదములను అట్లే ఎత్తివ్రాయుట సులభము. గుమాస్తాలు సులభమైనదానినే చేయుదురు.

వరాహగిరి వెంకటగిరిగారు 1952లో కేంద్ర కార్మికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చుటకు ఒప్పుకొనక 1954లో పదవిని వదలిరి. యజమానులును కార్మికులును న్యాయస్థానములకు పరుగిడక, ఎదురెదుర కూర్చుండి తగవు తీర్చుకొనవలెనని వారు జీవితాంతము బోధించిరి. పెద్ద సమ్మెల విషయమున ఆ బోధ ఎంతవరకు ఫలించినదో చరిత్రకారులు చెప్పుదురు గాక. గంట సెలవు విషయమున మాత్రము దానికి మించిన మార్గము లేదు. సంఘమువారును యాజమాన్యమువారును కూర్చుండి స్థాయీ ఉత్తరువులలో నాలుగు పంక్తులు చేర్చుకొనవచ్చును: వైద్యదర్శనమునకు ఏటికి ఇన్ని గంటలు, ముందుగా తెలిసినచో ముందుగా చెప్పవలెను, ఆసుపత్రి వెలుపలి రోగుల చీటియే చాలిన నిదర్శనము, రోగము పేరు అడుగరాదు. ముందు చెప్పినవానికి ఫోర్మను బదులు మనిషిని ఏర్పరచుకొనగలడు. కౌటిల్యుడు చెప్పిన వెసులుబాటును ఇదియే. ముందు చెప్పనివానిని నిలదీయుటకు అప్పుడు ఆతనికి న్యాయమైన అధికారము కలుగును.

'వైద్యదర్శనము' అనుట గంభీరముగా నున్నదని, ఆలయమునకు పోయినట్లున్నదని కొందరాక్షేపింపవచ్చును. తిరుత్తణి కొండకు ఆడికృత్తికనాడు సెలవు పెట్టువానిని ఏ మేస్త్రీయు 'ఏమి కోరిక?' అని అడుగడు గదా. ఇంతకంటె మంచి మాట దొరకినచో దానినే వాడుదము. హాజరుపట్టికలో నాగాకును జ్వరమునకును నడుమ ఒక గడి కావలెను. ఆ గడికి ఒక పేరు కావలెను.